బెంగళూరులో ఒంటరిగా దుఃఖపడేవాళ్లకు: విశ్వాసంలో ఆదరణ ఎలా వెతుక్కోవాలి

బెంగళూరు వచ్చాక మనవాళ్లకు ముందు దూరమయ్యేది సంఘమే. ఊళ్లో అయితే కష్టమొచ్చిన సాయంత్రానికల్లా పాస్టరుగారు, నలుగురు పెద్దలు ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్తారు. ఇక్కడ మారతహళ్లి పీజీలో పక్క బెడ్ మనిషికి కూడా మీ నాన్నగారు పోయిన సంగతి తెలియకపోవచ్చు.

ముందు, దేవుడి దగ్గర నటించకండి. "స్తోత్రం ప్రభువా, అంతా నీ చిత్తం" అనే మొదలుపెట్టాలని ఎక్కడా లేదు, కోపంగా ఉంటే కోపంగా ఉందనే చెప్పండి. కీర్తనల గ్రంథంలో ఉన్న 150లో మొరపెట్టుకునేవే బోలెడు. 13వ కీర్తన తీయండి, ఆరే వచనాలు, మొదటి రెండింట్లోనే నాలుగుసార్లు ఇంకెన్నాళ్లని నిలదీస్తాడు దావీదు. అది చివరికి పాటలోకి వస్తుందిగానీ 88వ కీర్తన అలా కూడా కాదు, చీకట్లోనే ఆగిపోతుంది, అయినా అది బైబిల్లోనే ఉంది. రాత్రి పడుకునే ముందు వీటిలో ఒకటి పైకి చదవండి, రూమ్మేట్ ఉంటే టెర్రస్ మీదికి వెళ్లి అయినా సరే, తర్వాత మీ మొర మీ మాటల్లోనే చెప్పుకోండి. ఐదు నిమిషాలు చాలు. ఏడుపొస్తే ఏడవండి, లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

తిండీ నిద్రా సంగతి చూసుకోండి. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దూత వచ్చి వాక్యం చెప్పలేదు, లేచి తినమన్నాడు, తిని మళ్లీ పడుకున్నాక రెండోసారి కూడా అదే చెప్పాడు (1 రాజులు 19). అందుకే, అసలే ముద్ద దిగనివాళ్లు మూడు రోజుల ఉపవాస ప్రార్థన ఎత్తుకోవడం నాకు నచ్చదు.

ఇక మనుషులు. పేరున్న పెద్ద చర్చి కోసం ఆదివారం సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటి వెళ్లే ఓపిక మీకు ఉండదు, కాబట్టి దగ్గర్లో తెలుగు ఆరాధన ఎక్కడ జరుగుతుందో, వారం మధ్యలో ఇళ్లల్లో కూడిక ఏమైనా ఉందో కనుక్కోండి. పదిమంది కూర్చునే చోట మీరు రాకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఎవరితోనూ మాట్లాడాలని లేని రోజున శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాలో ఓ మూల కూర్చోండి, మీరు ఏ సంఘం వాళ్లని ఎవరూ అడగరు. ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్లకు ముందే చెప్పేయండి: "అన్నా, సలహాలేం వద్దు, కాసేపు కూర్చుని ప్రార్థన చేయండి చాలు." బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నంత వరకూ బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే యోబుకి రెండో కష్టం మొదలైంది! మీ పాపం వల్లే ఇదంతా అనేవాళ్లకూ, స్వస్థతకి ఇంత కానుక వేయాలనేవాళ్లకూ దూరంగా ఉండండి.

మాత్రల విషయంలో మొహమాటపడకండి. నూనె రాసి ప్రార్థన చేయించుకోమని యాకోబు పత్రికలో ఉంది, చేయించుకోండి, డాక్టర్ రాసిన మాత్ర మాత్రం మానొద్దు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పనిమీద మనసు నిలవకపోయినా హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకుండా 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఉచితం, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ సంగతి పాస్టరుగారికీ దాచకుండా చెప్పండి.

ఇన్ని చేసినా బాధ పోకపోతే విశ్వాసం తక్కువైందని లెక్క కాదు. శరీరంలో ముల్లులా బాధపెట్టేదాన్ని తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, కృప చాలుతుందన్న జవాబు వచ్చింది. కొన్ని రోజులు మరీ కష్టంగా ఉంటాయి కూడా, క్రిస్మస్ వారం, పోయినవాళ్ల పుట్టినరోజు, మొదటి ఏడాది తిరిగే రోజు. వాటికి ఇప్పుడే లీవ్ పెట్టి ఊరికి టికెట్ తీసుకోండి, జ్ఞాపకార్థ కూడిక పెట్టమని ఊళ్లో పాస్టరుగారికి ముందే ఫోన్ చేసి చెప్పండి. వెళ్లడం కుదరకపోతే ఆ సాయంత్రం కూడికవాళ్లను మీ గదికే రమ్మనండి.