క్లిప్‌లెస్ పెడల్ నుంచి కాలు రావడం లేదా? పెడల్ మార్చేముందు షూ తిరగేసి చూడండి

క్లిప్‌లెస్ పెడల్ అంటే, షూ అడుగున బోల్టులతో బిగించిన క్లీట్ అనే చిన్న ముక్కని స్ప్రింగ్‌తో పట్టి ఉంచే సైకిల్ పెడల్. "రోడ్ బైక్‌కి ఈజీగా కాలు వచ్చే పెడల్ ఏదైనా చెప్పండి" అని అడిగేవాళ్లలో చాలామందికి కావలసింది కొత్త పెడల్ కాదు, 4 ఎం.ఎం. ఎలన్ కీ. వేలు పోసి పెడల్ మారుస్తారు. పెట్టెలో వచ్చిన కొత్త క్లీట్లు పక్కన పడేసి, షూకి ఉన్న పాతవాటితోనే బయల్దేరతారు. మళ్లీ అదే జంక్షన్‌లో పడతారు. మడమ బయటికి తిప్పి కాలు తీయడం వరకు మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

మొదటి రోజు నుంచీ బిగుతుగానే ఉంది

స్ప్రింగ్ టెన్షన్ ఎక్కువైంది, అంతే. పెడల్ మీద ఉన్న చిన్న స్క్రూను మైనస్ గుర్తు వైపు తిప్పండి. రెండు వైపులా కాలు పట్టే పెడల్ అయితే ఒక్కో పెడల్‌కి రెండు స్క్రూలుంటాయి, జతకు నాలుగు. నాలుగూ ఒకేలా వదులు చేయాలి. ఒక వైపే చేసి "ఒక్కోసారి వస్తోంది, ఒక్కోసారి రావడం లేదు" అనేవాళ్లు చాలామంది.

నిన్నటిదాకా బాగానే వచ్చింది, ఇవాళ ఇరుక్కుపోయింది

జనాన్ని పడేసేది ఇదే. కారణం క్లీట్ బోల్టు వదులవడం. పెడల్‌లో ఏ లోపమూ ఉండదు కాబట్టి పెడల్‌ని ఎంత చూసినా దొరకదు.

తేడా మీ మడమకే తెలుస్తుంది. క్లీట్ గట్టిగా ఉంటే తిప్పగానే ముందు స్ప్రింగ్ అడ్డుపడుతుంది, ఇంకాస్త తిప్పితే టక్‌మని వదులుతుంది. బోల్టు వదులైతే ఆ అడ్డు తగలదు. మడమ సులువుగా తిరిగిపోతుంది, టక్ మాత్రం రాదు. తిరుగుతున్నది షూ ఒక్కటే, క్లీట్ పెడల్‌లో కదలకుండా కూర్చుంది. రెండు బోల్టుల క్లీట్‌లో ఒకటి ఊడిపోతే మిగిలిన బోల్టే ఇరుసైపోతుంది, షూ దాని చుట్టూ తిరుగుతుంది. ఈలోగా సైకిల్ ఆగి పక్కకు ఒరిగిపోతుంది.

కళింగపట్నం బీచ్‌కి వెళ్లొస్తూ శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో పడిన ఒక కుర్రాడు పెడల్ మార్చాలని వచ్చాడు. టెన్షన్ అప్పటికే పూర్తిగా వదులు చేసి ఉంది. షూ తిరగేస్తే ఒక బోల్టు లేదు, ఆ గుంట నిండా ఇసుక. క్లీట్ పక్కన సోల్ మీద వంపు తిరిగిన గీతలు. ఆ గీతలు కనిపించాయంటే క్లీట్ జరుగుతోందని అర్థం, ఇంకేమీ వెతకక్కర్లేదు.

కొత్త షూలో క్లీట్ పళ్లు సోల్‌లోకి దిగే కొద్దీ బోల్టు వదులవుతుంది. అందుకే మొదటి రైడ్ కాగానే మళ్లీ బిగించాలి. ఆ పని చేసేవాళ్లు తక్కువ.

బిగించే ముందు బోల్టు తలలోని మట్టిని సూదితో తీయండి. లేకపోతే కీ సగమే దిగి, జారి, గుంట గుండ్రంగా అరిగిపోతుంది. బోల్టులు తీసి తుడిచి, మరలకు కొద్దిగా గ్రీజు రాసి, రెండింటినీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. టార్క్ రెంచ్ ఉంటే 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. తర్వాత పట్టుకారుతో క్లీట్‌ని పట్టుకుని తిప్పి చూడండి, ఏమాత్రం కదలకూడదు. పోయిన బోల్టు బదులు హార్డ్‌వేర్ షాపులో దొరికే ఏదో ఒకటి పెట్టకండి. దాని తల పైకి లేచి పెడల్‌కి తగులుతుంది.

రోడ్డు మీదే ఇరుక్కుపోతే గోడనో స్తంభాన్నో పట్టుకుని, స్ట్రాప్ విప్పి కాలు షూలోంచి తీసేయండి. ఆ తర్వాత టెన్షన్ పూర్తిగా తగ్గించి, క్లీట్‌కీ సోల్‌కీ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి, రెండూ కలిసి తిరిగేలా షూని తిప్పండి. ఊడొస్తుంది.

అసలు లోపలికే వెళ్లడం లేదు

వానాకాలమైతే మట్టి. పుల్లతో గీకేయండి. కొత్త క్లీట్ అయితే కంపెనీ చూడండి. లుక్ కియో క్లీట్, షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ క్లీట్ చూపుకి ఒకేలా ఉంటాయి, ఒకదాని పెడల్‌లో ఇంకొకటి పట్టదు.

దానంతటదే ఊడిపోతోంది

ఎక్కువసార్లు క్లీట్ అరిగిపోయి ఉంటుంది. అలాగైతే మార్చండి. మూడు బోల్టుల ప్లాస్టిక్ క్లీట్లు గచ్చు మీద నడిస్తే త్వరగా పోతాయి.

అన్నీ సరిచూశాను, అయినా భయంగానే ఉంది

ఇప్పుడు పెడల్ మార్చడంలో అర్థముంది. రోడ్ పెడల్‌కి ఒకవైపే పట్టు ఉంటుంది, ప్రతిసారీ బొటనవేలితో దాని ముందు కొసను లేపి పట్టుకోవాలి. రెండు వైపులా పట్టే ఎస్‌పీడీ (షిమానోదే రెండు బోల్టుల రకం, పైన చెప్పిన ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ వేరు) అయితే కిందికి చూడకుండా తొక్కేయొచ్చు. క్లీట్ మాత్రం ఎస్‌హెచ్51 కాకుండా ఎస్‌హెచ్56 పెట్టుకోండి. మొదటిది మడమ పక్కకు తిప్పితేనే వదులుతుంది. రెండోది కంగారులో కాలు పైకీ పక్కకీ లాగినా వదులుతుంది. కాకపోతే నిలబడి గట్టిగా పైకి లాగి తొక్కేవాళ్లకు మధ్యలో ఊడొచ్చు. ఊళ్లో ఆటోల మధ్య ఎక్కువగా తిరిగేవాళ్లకు, ఒకవైపు మామూలు పెడల్‌లా ఉండే షిమానో ఈహెచ్500 నా మొదటి సలహా. వీటికి రెండు బోల్టుల షూ కావాలి. అందులో క్లీట్ సోల్ లోపలికి ఉంటుంది కాబట్టి, కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట దిగి నడిచినా జారదు.

స్ప్రింగ్ విరగడం, బేరింగ్ పోవడం చాలా అరుదు. బోల్టులు చూడకుండా పెడల్ విప్పకండి.