సైడింగ్ మార్చాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లకి సైడింగ్ (ఇంటి బయటి గోడల మీది తొడుగు) సంగతి గుర్తొచ్చేది రెండే సందర్భాల్లో: రంగు వెలిసినప్పుడు, వడగళ్ల వాన మర్నాడు ఎవరో కాంట్రాక్టర్ తలుపు తట్టినప్పుడు. అంతమాత్రాన వేలకు వేలు పోసి మొత్తం పీకించకండి. ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే, లోపల చెక్క తడుస్తోందా లేదా అని.

ఇటుక గోడలు అలవాటైన మనకి సైడింగే గోడలా కనిపిస్తుంది గానీ అది పై తొడుగు మాత్రమే, దాని వెనక హౌస్ ర్యాప్ అనే పల్చటి షీటు, ఆ వెనక ఓఎస్‌బీ చెక్క (చెక్క ముక్కలు జిగురుతో అతికించి చేసిన పలక) ఉంటాయి. వినైల్ (ప్లాస్టిక్) సైడింగ్ సందుల్లోంచి కొంచెం నీరు లోపలికి పోవడం మామూలే, కింది అంచున ఉన్న చిన్న కన్నాల్లోంచి అది బయటికి వచ్చేస్తుంది, కాబట్టి ఆ కన్నాలు సిలికాన్‌తో మూసేయకండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది, కింది కప్పు అంచు పై అంతస్తు గోడకి ఆనుకుని గట్టర్ (కప్పు నీళ్లు పట్టే తొట్టి) మొదలయ్యే మూల. అక్కడ నీటిని గట్టర్‌లోకి మళ్లించే వంచిన రేకు ఒకటి ఉండాలి, కిక్ఔట్ ఫ్లాషింగ్ అంటారు. అది వేయకుండా వదిలేసిన ఇళ్లలో కప్పు మీది నీళ్లు సైడింగ్ వెనక్కి దిగి, పైకి ఏమీ తెలియకుండానే చెక్క నానిపోతుంది. ఆ మూలలో, కిటికీల కింద, డెక్ గోడకి కలిసే చోట గట్టిగా నొక్కి చూడండి. అనుమానం వస్తే జిప్ టూల్ అనే చిన్న కొక్కెంతో ఒక వినైల్ పలక ఊడదీసి, హౌస్ ర్యాప్ కొంచెం కోసి స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. మంచి చెక్కలో మొన దిగదు, కుళ్లిన చెక్క నల్లగా పొట్టులా రాలుతుంది, ముక్కిన వాసన కొడుతుంది. చూశాక ఆ కోతకి టేపు వేయడం మర్చిపోవద్దు.

ఒక్క మూలలోనే అలా ఉంటే అక్కడి చెక్క మార్పించి రేకు వేయిస్తే చాలు, రెండు మూడు గోడలు అలాగే ఉంటేనే మొత్తం మార్చే మాట.

వినైల్ అలల్లా తేలితే పాతబడిందనుకుంటారు, చాలాసార్లు కారణం మేకులు బిగించి కొట్టడమే. అది ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, పట్టుకుని పక్కకి జరిపితే కాస్త కదలాలి. ఒకచోట కరిగినట్టు వంకరపోయిందా, దగ్గర్లో గ్రిల్ పెట్టారేమో, ఎదురుగా లో-ఈ (వేడిని వెనక్కి కొట్టే పూత ఉన్న) కిటికీ అద్దం మీంచి ఎండ తిరిగి అక్కడే పడుతోందేమో చూడండి, ఆ సంగతి తేల్చకుండా కొత్తది వేస్తే అదీ కరుగుతుంది. పగిలినవి నాలుగైదు పలకలే అయితే పెరటి గోడవి తీసి ముందు వేయించి, కొత్తవి వెనక వేయించుకోండి, రంగు తేడా వీధిలోకి కనిపించదు.

హార్డీ బ్రాండ్ లాంటి, సిమెంటులో పీచు కలిపి చేసే ఫైబర్ సిమెంట్‌కి పెయింట్ ఊడితే మళ్లీ వేయిస్తే సరిపోతుంది, కింది అంచులు ఉబ్బి పొరలుగా విడిపోతుంటే మాత్రం ఆ బోర్డులు మార్చాల్సిందే. మట్టి నుంచి బోర్డుకి 6 అంగుళాల ఖాళీ ఉంచండి, మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్క పొట్టు) గోడకి ఎగదోయకండి. 1980కి ముందు కట్టిన ఇంటికి పెళుసు సిమెంటు పలకలుంటే వాటిని విరగ్గొట్టొద్దు, ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ముందు టెస్ట్ చేయించండి.

డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో మీరు కట్టాల్సిన వాటా) మేమే చూసుకుంటాం అనే కాంట్రాక్టర్లని గుమ్మంలోంచే పంపేయండి, టెక్సస్‌లో 2019 నుంచి అది చట్టవిరుద్ధం. కుళ్లిన ఓఎస్‌బీ మారిస్తే షీటుకి ఎంతో కొటేషన్‌లో ముందే రాయించుకోండి, గోడ విప్పేశాక అడిగితే వాళ్లు ఎంత చెబితే అంత.