కోడాక్రోమ్, సి-22, ఇ-4 రీళ్లు: రంగు పోయినా బొమ్మ దక్కించుకోవడం

బొమ్మలు తీసి, కడిగించకుండా వదిలేసిన పాత కలర్ ఫిల్ము రీలు చేతికొస్తే ముందు డబ్బీ మీద ప్రాసెస్ (ఫిల్మును కడిగే పద్ధతి) పేరు చదవండి. సి-41 అని ఉంటే ఇప్పటికీ మామూలుగా కడిగించవచ్చు, రంగులు కాస్త తేడా చేస్తాయి, అంతే. కె-12, కె-14 (ఈ రెండూ కోడాక్రోమ్‌వి), సి-22, ఇ-4 అని ఉంటే మాత్రం రంగు మీద ఆశ వదులుకుని నలుపు-తెలుపు నెగటివ్‌గా కడగడమే మేలు.

కోడాక్రోమ్ ఫిల్ములో రంగునిచ్చే కప్లర్లు అసలు ఉండవు, అవి డెవలపర్లలో (బొమ్మను పైకి తెచ్చే ద్రావణాల్లో) ఉండేవి. దాన్ని కడిగే చివరి ల్యాబ్, అమెరికాలోని పార్సన్స్‌లో ఉన్న డ్వేన్స్ ఫోటో, 2010 డిసెంబరు 30న కోడాక్రోమ్ తీసుకోవడం ఆపేయడంతో ఆ దారి మూసుకుపోయింది. సి-22, ఇ-4 ఫిల్ముల్లో కప్లర్లు ఉన్నాయి కదా, ఇప్పటి సి-41, ఇ-6లో వేసేస్తే పోలా అనిపిస్తుంది. పోతుంది, ఎమల్షన్‌తో (బొమ్మ ఉండే జెలటిన్ పొరతో) సహా! సి-22ని 24 డిగ్రీలకు, ఇ-4ని 29.5 డిగ్రీలకు తయారుచేశారు. సి-41, ఇ-6 వాడే 38 డిగ్రీల ద్రావణంలో ఆ జెలటిన్ మెత్తబడి పొరలుగా ఊడొచ్చు.

డెవలపర్‌గా హెచ్‌సి-110 అనే నలుపు-తెలుపు డెవలపర్‌ను 1+31 పాళ్లలో, 20 డిగ్రీల దగ్గర వాడండి. 10 మి.లీ. గాఢ ద్రావణానికి 310 మి.లీ. నీళ్లు పోస్తే ఒక 35 ఎంఎం రీలుకు సరిపోతుంది. పాత ఫిల్ముకు అసలు శత్రువు ఫాగ్, అంటే ఏళ్ల తరబడి పేరుకున్న మసక. దాన్ని కొంత అణచడానికి 1 శాతం బెంజోట్రయజోల్ ద్రావణం 3 మి.లీ. కలపండి. ఎక్కువ పోస్తే నీడల్లో మిగిలిన కాస్త వివరం కూడా పోతుంది.

మొత్తం రీలును ఒక్కసారే దించకండి. చిమ్మచీకట్లో (ఎర్రలైటు కూడా పనికిరాదు) బయటి చివర నుంచి లీడర్‌తో (కెమెరాలో ఎక్కించేటప్పుడు వెలుతురు తగిలిన మొదటి ముక్కతో) పాటు ఇంకో 10 సెం.మీ. కత్తిరించి, డెవలపర్‌లో 7 నిమిషాలు కడిగి చూడండి. రెండు మూడు ఫ్రేములు పణంగా పెట్టినట్టే, కానీ మిగతావి బతుకుతాయి. లీడర్ నల్లబడకపోతే డెవలపర్ చచ్చిందని అర్థం. లీడర్ నల్లబడి, బొమ్మ పల్చగా ఉంటే సమయం ఒకటి రెండు నిమిషాలు పెంచండి. అంతా ఒకే బూడిద రంగులో మునిగితే సమయం పెంచినా మసకే పెరుగుతుంది; బెంజోట్రయజోల్ కొద్దిగా పెంచి చూడండి.

మిగతాది తెలిసిన పనే: మొదటి 30 సెకన్లు ఆపకుండా, తర్వాత నిమిషానికి 5 సార్లు ట్యాంకు తిప్పడం, నీళ్లతో కడగడం, బొమ్మను స్థిరపరిచే ర్యాపిడ్ ఫిక్సర్‌లో (1+4 పాళ్లలో) 5 నిమిషాలు. అన్ని ద్రావణాలూ, చివరి కడుగు నీళ్లతో సహా, 20కి రెండు డిగ్రీల తేడాలోనే ఉండాలి. చన్నీళ్లకూ వేన్నీళ్లకూ మారితే పాత జెలటిన్ సన్నటి పగుళ్ల వలలా ముడుచుకుంటుంది, అది ఇక సరికాదు.

కోడాక్రోమ్ వీపున రెమ్‌జెట్ అనే మసి పూత ఉంటుంది. దీన్ని ఫిక్సింగ్ అయ్యాకే తీయండి. ముందే తీస్తే నల్లటి నలుసులు ఎమల్షన్‌కు అతుక్కుంటాయి. లీటరు నీటికి 20 గ్రాముల వెలిగారం కరిగించి, ఫిల్మును రెండు మూడు నిమిషాలు నానబెట్టి, ట్యాంకును గట్టిగా కుదపండి. వంపితే సిరాలాంటి నీళ్లొస్తాయి. తేటపడేదాకా మార్చండి. తర్వాత ఫిల్మును బల్ల మీద పరిచి, వీపు వైపు తడి స్పాంజితో ఒకే దిశలో తుడవండి. ఫిల్ము ఏ వైపు వంకర తిరుగుతుందో అది ఎమల్షన్; దాన్ని వేలితో కూడా తాకొద్దు. నల్లచారలు ఆరాక కనబడితే మళ్లీ నానబెట్టి తుడవవచ్చు.

పది నిమిషాలు కడిగి ఆరేశాక నెగటివ్ చిక్కటి గోధుమ రంగులో, చెడిపోయినట్టే కనిపిస్తుంది. కంగారుపడకండి. కలర్ ప్రాసెస్‌లో బ్లీచ్ తొలగించే పసుపు వెండి పొర ఇక్కడ అలాగే మిగిలిపోతుంది. సి-22లో నారింజ మాస్క్ (ఫిల్ములోనే ఉండే నారింజ ఛాయ) కూడా తోడవుతుంది. అందుకే కలర్‌లో స్కాన్ చేసి ఎర్ర ఛానెల్ ఒక్కటే ఉంచుకోండి, ఈ మరకలు అందులోనే తక్కువ అడ్డొస్తాయి. స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు ఆపేయండి: వెండి బొమ్మను అది దుమ్మనుకుని చెరిపేస్తుంది.