స్కైడైవింగ్: దూకే ముందు గేర్ చెక్
మూడుసార్లు చూసుకోండి: తొడుక్కునే ముందు, విమానం ఎక్కే ముందు, తలుపు తెరిచే ముందు.

ఛాతీ పట్టీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. బకిల్‌లో సరిగ్గా మడిచి దూర్చకపోయినా పైకి బిగిసినట్టే కనిపిస్తుంది. ప్యారాచూట్ తెరుచుకునే కుదుపుకి జారిపోతుంది. కళ్లతో సరిపెట్టకండి, వేళ్లతో తడిమి చూడండి.

- కాళ్ల పట్టీలు: మెలిక ఉండకూడదు.
- మూడు రింగులు (అవసరమైతే ప్రధాన ప్యారాచూట్‌ను వదిలించే అమరిక): పెద్దదాంట్లో మధ్యది, అందులో చిన్నది. గుడ్డ లూప్ చిన్న రింగు మీదుగా మాత్రమే వెళ్లాలి.
- హ్యాండిళ్లు (ప్రధాన ప్యారాచూట్ తెరిచేది, దాన్ని వదిలించేది, రిజర్వ్ తెరిచేది): మూడూ చేత్తో తాకండి. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడిపోతూ వెతుక్కోలేరు.
- పిన్నులు (ప్యారాచూట్ సంచిని మూసి ఉంచేవి): వీపు మీద ఉంటాయి, తోటివాళ్లతో చూపించుకోండి. దయచేసి మొహమాటపడకండి.
- రిజర్వ్ (అత్యవసర) ప్యారాచూట్: తిరిగి మడిచి ప్యాక్ చేయించాల్సిన గడువు దాటలేదని చూసుకోండి.
- ఆల్టిమీటర్ (ఎత్తు చూపే పరికరం) నేల మీద సున్నా చూపాలి. ఏఏడీ (రిజర్వ్‌ను దానంతటదే తెరిచే పరికరం) కూడా అక్కడే ఆన్ చేయాలి.