ఒడ్డు నుంచి డైవింగ్, 5వ పాఠం: పడమటి గాలి

నాలుగో పాఠం చివర, మీ ఊరి ఒడ్డుకు ఏ నెల సరిపోతుందో కారణంతో సహా రాసి పంపమన్నాను. వచ్చిన కాగితాల్లో సగానికి పైగా జూలై అని ఉంది. అందరి కారణమూ ఒకటే: "ఉదయం పూట నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర సముద్రం చెరువులా ఉంది." కొత్తపట్నం నుంచి ఒకరు ఫొటో కూడా జతచేశారు. ఆ ఫొటో చూశాక ఈసారి చెప్పాలనుకున్న దిక్సూచి పాఠాన్ని పక్కన పెట్టాను. అల ఎత్తు గురించి రెండు పేజీలు రాసి, గాలి దిక్కును ఒక్క వాక్యంతో దాటేయడం నా పొరపాటు.

ముందు మిగతా ఏడాదిని తేల్చేద్దాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. తీరం వెంట ప్రవాహం అప్పుడు దక్షిణానికి నడుస్తుంది. పెన్న సముద్రంలో కలిసే చోటు మైపాడుకు ఉత్తరాన ఉంది కాబట్టి ఆ బురదనీరంతా మీ మాస్క్ ముందుకే వస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను గుర్తున్నవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. సంక్రాంతి దాటే దాకా నేను సిలిండర్ నింపించను. ఫిబ్రవరి, మార్చి నాకు ఇష్టం. ప్రవాహం ఉత్తరానికి తిరిగి ఉంటుంది, కాబట్టి ఓపిక ఉన్నప్పుడే దక్షిణానికి ఈది, తిరుగుదారిలో దాని సాయం తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున తప్ప వద్దు. ఎండ ముదిరేసరికి సముద్రపు గాలి లేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. నెత్తిన మరబోట్లు తిరగవని సంబరపడకండి. మీరు కొట్టుకుపోతే చూసి తెచ్చే మరబోటు కూడా ఉండదు.

ఇక జూలై. నైరుతి గాలి మన తీరానికి నేల మీదుగా, పడమటి వైపు నుంచి వస్తుంది. గాలి అల లేపాలంటే దానికి నీటి మీద కొంత దూరం పరుగు కావాలి. ఒడ్డు దగ్గర ఆ పరుగు ఉండదు, అందుకే అక్కడ నీరు నున్నగా కనిపిస్తుంది. మీరు ఫొటో తీసింది ఆ నున్నని అంచునే. వెనకాల సరుగుడు తోట, ఇసుక దిబ్బ అడ్డం ఉండటంతో మీ వీపుకు గాలి తెలియదు. అదే గాలి తోట మీదుగా దాటి, మీరు నీటిపైకి తేలే చోట దిగుతుంది. పైనీటితో పాటు మిమ్మల్నీ నిమిషానికి 20 మీటర్ల చొప్పున తోసిందనుకోండి, మాస్క్ సర్దుకుని, స్నేహితుణ్ణి వెతుక్కునే పావుగంటలో 300 మీటర్లు లోపలికి పోతారు. లోపలికి పోయేకొద్దీ గాలికి పరుగు దొరుకుతుంది, అల పెరుగుతుంది. తూర్పు గాలి మిమ్మల్ని చికాకు పెట్టినా ఒడ్డుకే తోస్తుంది. పడమటి గాలి అలా కాదు, లోపలికి తోస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి ముందు నీటిని కాదు, సరుగుడు చెట్ల కొసలు సముద్రం వైపు వంగుతున్నాయేమో చూడండి. తర్వాత విరిగే అల నెత్తిని చూడండి. నురుగు తుంపర వెనక్కి, సముద్రం వైపు ఎగురుతుంటే అది పడమటి గాలే. దూరంగా నీరు ఉన్నట్టుండి నల్లగా, గరుకుగా మారే గీత కూడా కనబడుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా నేను ఇంటికి వెళ్లిపోతాను.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకసారి చిక్కుకుంటారు. అప్పుడు నీటిపైన చేతులు కొట్టుకుంటూ ఈదకండి. అడుగుకు దిగి, దిక్సూచిని పడమటికి పెట్టి, ఇసుక వెంట రండి. గాలి తోపుడు అడుగున చాలా తక్కువ. అందుకు సిలిండర్‌లో గాలి మిగలాలి కదా! సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత)తో దిగితే నేను 140 దగ్గరే వెనక్కి తిరిగేది ఇందుకే.

ప్రవాహం కొలవడానికి నా పద్ధతి ఒక పచ్చి కొబ్బరికాయ. నీటిలో చాలా వరకు మునిగి ఉంటుంది కాబట్టి గాలి దాన్ని అంతగా కదిలించలేదు. తెప్ప మీద వెళ్లే అన్నను అడిగితే అలలు విరిగే చోటు దాటాక వదులుతారు. మీరు ఒడ్డున దాని పక్కనే నడుస్తూ నిమిషానికి ఎంత దూరం పోయిందో అంగలతో కొలవండి. 30 మీటర్లు పోతే అది దాదాపు ఒక నాట్, అంటే గంటకు ఒక నాటికల్ మైలు వేగం. దానికి ఎదురీది ఎవరూ ఎక్కువసేపు నిలవలేరు. పది మీటర్లు దాటితే నేను దిగను.

అభ్యాసం: ఏడు రోజులు వరసగా, సూర్యోదయానికి ముందే ఒడ్డుకు వెళ్లండి. ఫిన్స్ (ఈతకు కాళ్లకు తొడిగే రెక్కలు) తీసుకెళ్లకండి. మొదట ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వారి ఆ రోజు సముద్ర సూచన చదవండి, అలల హెచ్చరిక ఉంటే అది రాసుకోండి. చెట్ల కొసలు, నురుగు తుంపర, కొబ్బరికాయ దూరం నమోదు చేయండి. తొమ్మిది గంటలకు మళ్లీ అవే చూడండి. మొత్తం పద్నాలుగు వరుసలు. ప్రతి వరుస పక్కన దిగుతాను లేదా దిగను అని రాసి, కారణం ఒక్క మాటలో చెప్పండి. కాగితం పైన మీ ఊరి పేరు, మీకు దగ్గరలో ఏరు కలిసే చోటు ఉత్తరాన ఉందా, దక్షిణాన ఉందా అనేది తప్పక రాయండి. కిందటిసారి దాదాపు ఎవరూ రాయలేదు.