సైకాలజిస్టు దగ్గర మొదటి గంట

నేను వెళ్లింది నిద్ర గురించి. పట్టేది, కానీ తెల్లవారుజామున మూడింటికల్లా మెలకువ వచ్చేది, ఇక అంతే సంగతులు. ఆఫీసులో ఒకే లెక్క నాలుగుసార్లు కూడితే నాలుగు మొత్తాలు వచ్చిన రోజున అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ముందురోజు రాత్రి కూర్చుని, ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టు, చెప్పాల్సినవన్నీ రెండు పేజీలు రాసుకున్నాను. తీరా ఆవిడ ఎదురుగా కూర్చుని "చెప్పండి" అనగానే నా నోట్లోంచి వచ్చిన మాట: "అంతా బాగానే ఉందండీ."

ఆవిడ నవ్వలేదు. "సెలవు పెట్టి మరీ వచ్చారు కదా, ఏ రోజున రావాలనిపించింది?" అన్నారు. ఆ లెక్క సంగతి చెప్పాను. అక్కణ్ణుంచి దారి పడింది. అందుకే అంటున్నాను, ప్రసంగం తయారు చేసుకోకండి. మొదటి రోజు అడిగే పని వాళ్లది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అనండి, అదే మొదలు.

వెళ్లే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ లాంటి వైద్యం చదివి మానసిక వైద్యంలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మాటల ద్వారా, పరీక్షల ద్వారా పని చేస్తారు, సాధారణంగా మందులు రాయరు. చాలామందికి ఇద్దరి అవసరమూ పడుతుంది, అందులో తప్పేమీ లేదు. అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే వాళ్ల చదువేమిటి, లైసెన్సో రిజిస్ట్రేషనో ఉందా, ఫీజెంత, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి అని అడిగేయండి. మొహమాటపడితే తర్వాత మనకే ఇబ్బంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గట్టిగా వేధిస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగొద్దు, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, ఒక్కరే కాకుండా ఎవరినైనా వెంటబెట్టుకుని.

వెళ్లగానే కాగితాలు ఇస్తారు. వాడుతున్న మందులు, పాత జబ్బులు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సమస్య ఉందా, తాగుడు, సిగరెట్టు, అన్నీ ఉంటాయి. వేసుకునే మాత్రల పేర్లు ఫోన్‌లో రాసుకుని వెళ్లండి, నాకు అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు పీహెచ్‌క్యూ-9 అనే పేజీ కూడా ఇచ్చారు. డిప్రెషన్ ఎంతమేర ఉందో అంచనా వేయడానికి చాలాచోట్ల వాడేది ఇదే. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. "అసలు లేదు" అంటే 0, "దాదాపు ప్రతిరోజూ" అంటే 3, మొత్తం 27కి. ఎనిమిది వరకు టకటకా టిక్కులు పెట్టేశాను. తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండునని గాని, మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలని గాని అనిపించిందా అన్నది. పెన్ను ఆగిపోయింది. ముందు 0 మీద పెట్టి, కొట్టేసి, 1 మీద పెట్టాను. లోపల ఆవిడ కాగితం చూసి, ఆ కొట్టివేత మీద వేలు పెట్టి, "ఇక్కడ ఆలోచించారు కదా, దాని గురించి చెప్తారా?" అన్నారు, నిద్ర గురించి అడిగిన గొంతుతోనే. నేను తప్ప ఎవరూ చూడరనుకున్న మాట అది. ఈ ప్రశ్న అందరినీ అడుగుతారు, అడిగినంత మాత్రాన మనసులో లేని ఆలోచన పుట్టదు. నిజమే రాయండి.

"ఇవన్నీ ఎవరికైనా తెలుస్తాయా?" అని టెన్షన్ పడే వాళ్ల కోసం: మొదట్లోనే వాళ్లే చెప్తారు, చెప్పకపోతే అడగండి. మామూలుగా మీరు చెప్పింది ఆ గదిలోనే ఉంటుంది. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద హింస జరుగుతున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు గోప్యతకు మినహాయింపు ఉండొచ్చు. సరిగ్గా ఎంతవరకన్నది ఆ చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వాళ్ల నోటితోనే వినండి.

మిగతా సమయం, మామూలుగా 45 నుంచి 60 నిమిషాలు, ప్రశ్నలతోనే గడిచిపోతుంది. నిద్ర, ఆకలి, పని, ఇల్లు, ఎప్పటినుంచి, అంతకుముందు ఏం జరిగింది. సోఫాలో పడుకోబెట్టరు, ఎదురెదురుగా కుర్చీలు, అంతే. మధ్యమధ్య ఆవిడ ఊరుకునేవారు. ఆ నిశ్శబ్దాన్ని పూడ్చేయాలని నేను ఆఫీసు జోకొకటి వేశాను. అదెంత అతకలేదో ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. ఏడుపొస్తే ఏడవచ్చు, టిష్యూ డబ్బా చేతికందేంత దూరంలో పెట్టేది అందుకే. చెప్పడం ఇష్టం లేనిదాన్ని "ఈ రోజు వద్దు" అని దాటేయొచ్చు. నేను నాన్న గురించి అలాగే దాటేశాను, ఆవిడ పట్టుబట్టలేదు.

సలహా దొరుకుతుందని, జబ్బు పేరు చెప్తారని ఆశపడి వెళ్తే కొంచెం నిరాశ తప్పదు. ఒక్క గంటలో పేరు పెట్టకపోవడమే మంచిది. థైరాయిడ్ తేడా చేసినా దిగులు, నీరసం, నిద్రలేమి రావచ్చు కాబట్టి నన్ను ముందు రక్తపరీక్ష చేయించుకోమన్నారు. లేచేముందు మీరూ అడగండి: మీకేమనిపిస్తోంది, ఏ పద్ధతిలో వెళ్దామనుకుంటున్నారు, సుమారు ఎన్నిసార్లు రావాలి?

బయటికొచ్చాక నాకు తలనొప్పి, ఆ సాయంత్రమంతా మొద్దు నిద్ర. ఆ రోజు వేరే పనులేవీ పెట్టుకోకండి. మనిషి నచ్చలేదా, రెండు మూడుసార్లు చూసి మార్చండి, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ మీ మాట కొట్టిపారేసినా, సిగ్గుపడేలా మాట్లాడినా రెండోసారి కూడా అక్కర్లేదు.

నా రెండు పేజీలు చొక్కా జేబులోనే ఉండిపోయాయి. ఆవిడ ఇచ్చిన పని వేరే: మెలకువ వచ్చినప్పుడు టైము, అప్పుడు తట్టిన మొదటి ఆలోచన ఒక్క వాక్యంలో రాయడం. ఆ రాత్రి రాసింది ఇది: "3.10. గ్యాస్ కట్టేశానా?" లేచి చూశాను. కట్టేసే ఉంది.