మెర్జూగా ఎడారి రాత్రికి విడి సంచి

మొరాకో బృందయాత్రలో ఫెస్ నగరం నుంచి ఎడారి అంచునున్న మెర్జూగా ఊరికి దాదాపు 470 కిలోమీటర్లు రోజంతా ప్రయాణించాక, రాత్రి బసకు ఎడారిలోకి తీసుకెళ్లే ఒంటెలు సిద్ధంగా ఉండగా రోడ్డు పక్కన పెద్ద సూట్‌కేసు విప్పి స్వెట్టరు వెతుక్కోవడం చిరాకైన పని. ఆ సూట్‌కేసు ఎలాగూ ఒంటె మీదికి రాదు. అందుకే ముందురోజు రాత్రి ఫెస్ హోటల్లోనే ఒక చిన్న సంచిలో స్వెట్టరు, ఒక జత సాక్సులు, మందులు, టూత్‌బ్రష్, టార్చి, పవర్ బ్యాంకు, లీటరు నీళ్లు విడిగా సర్దుకోవాలి. మెర్జూగా పక్కనున్న ఎర్గ్ చెబ్బీ దిబ్బల ఇసుక ఫోను ఛార్జింగు రంధ్రంలోకి సైతం చేరుతుంది కనుక, ఫోనునూ కెమెరానూ జిప్ కవర్లలో పెట్టి మూయాలి. పాస్‌పోర్టు మాత్రం సంచిలో కాక ఒంటి మీదే ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది; అప్పుడు ఈ సంచి ఒక్కటే చాలదు, మందపాటి కోటు తొడుక్కునే ఒంటె ఎక్కాలి.